ఇల్మో ఏస్

సోమవారం ఉదయం ఏడింటికి నా కుడి తుంటి కీలు తీసేసి లోహపుది పెడతారు. ఆరు నెలలు డిస్కు విసరడం మాట మర్చిపోండి, ఆ తర్వాత చూద్దాం అంది డాక్టరు. ఆ "చూద్దాం" నాకు నచ్చలేదు. ముప్ఫై ఏళ్ళు బడి వంటశాలలో పనిచేశాను. పిల్లలు ఇంకో ముక్క అడిగితే నేనూ "చూద్దాం" అనేదాన్ని. దాని అర్థమేమిటో నాకు తెలుసు.

ఇవాళ శనివారం. మా ఆయన ఆర్వో, మా ఫ్రిస్బీ గోల్ఫ్ క్లబ్బులో మిగతా అందరూ పక్క ఊళ్ళో పోటీకి వ్యాను ఎక్కారు. వెళ్తూ వెళ్తూ నాకో ఆజ్ఞ.

"కాలు కాలిన పిల్లిలా తిరక్కుండా ఇంట్లో పడుకోవే. సాయంత్రం వచ్చి ఆవిరి స్నానానికి సౌనా వేడి చేస్తాను."

"పడుకుంటాలే," అన్నాను. వ్యాను మలుపు తిరిగిందో లేదో సంచీ భుజాన వేసుకుని అడవి దారి పట్టాను.

నాకు కావలసింది ఒక్కటే. మా హౌకిలంపి ఊరి ఫ్రిస్బీ గోల్ఫ్ మైదానంలో మొదటి హోల్ పక్కనే చలిమంట పాక ఉంది. దాని లోపలి గోడకు ముప్ఫై ఒక్క ప్లాస్టిక్ డిస్కులు మేకులతో కొట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో ఏస్. అంటే విసిరిన మొదటి విసురుకే, స్తంభానికి వేలాడే గొలుసులకు తగిలి కింది ఇనప బుట్టలో పడ్డది. డిస్కు మీద తేదీ, హోల్ నంబరు, చూసినవాళ్ళ సంతకాలు ఉంటాయి. ఆర్వోవి మూడున్నాయి. బేకరీ కిర్సివి రెండు. ఆటలోకి నిరుడు వచ్చిన పోస్టుమాన్‌ది కూడా ఒకటుంది, అదీ చెట్టుకు కొట్టుకుని దారి తప్పి పడ్డది. నావి సున్నా. పధ్నాలుగేళ్ళుగా సున్నా. సాసేజ్ కాల్చుకుంటూ ఆ గోడకు ఎదురుగా కూర్చోవాలంటే నాకు వీపు తిప్పుకోవాలనిపిస్తుంది. సోమవారం లోపల నా డిస్కు ఆ గోడెక్కాలి. కత్తి కింద పడుకునేముందు నాకు అదొక్కటి కావాలి, అంతే.

మంచి మైదానమే మాది. ఊరంతా కలిసి చేతులతో కట్టుకున్నాం. ప్రతి హోల్ దగ్గరా పటం గీసిన బోర్డు, విసిరేవాళ్ళ కాలు జారకుండా పరిచిన పచ్చ చాప, కూర్చోడానికి బల్ల. బురద ఉన్నచోట చెక్క వంతెనలు, చెరువులో పడ్డ డిస్కులు లాగడానికి కొక్కెం కట్టిన పొడుగు కర్ర. దొరికిన డిస్కులు వేయడానికి పెట్టె కూడా ఉంది. ఇవన్నీ ఇంత చక్కగా ఉన్నాయంటే అది ఆర్వో తమ్ముడు ఇల్మో చలవ. గడ్డి కోసేది, కొమ్మలు నరికేది, బోర్డు వంగితే నిలబెట్టేది అతనే. మైదానంలో అందరికంటే ఎక్కువసేపు ఉండేది అతనే. ఆడనిది కూడా అతనే. పదకొండేళ్ళుగా డిస్కు పట్టలేదు. భుజం నొప్పి అంటాడు. భుజం నొప్పిగలవాడు రోజంతా గడ్డి కోసే యంత్రం మోస్తాడా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మా ఊళ్ళో ఇల్మో పేరు మీద ఒక సామెతే ఉంది. ఎవరైనా మూడు కిలోల చేప పట్టానని, తీరా ఒడ్డుకు లాగేసరికి తప్పించుకుందని చెబితే, పక్కనున్నవాళ్ళు "ఇల్మో ఏస్" అంటారు. పన్నులాఫీసులో కూడా అంటారని విన్నాను. ఆ సామెత పుట్టించింది నేను. చాలాకాలం దాన్ని చూసి మురిసిపోయాను కూడా.

సంగతేమిటంటే, పదకొండేళ్ళ కిందట ఒక సెప్టెంబరు సాయంత్రం మేమంతా పాకలో సాసేజ్‌లు కాలుస్తుంటే ఇల్మో పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో నీలం డిస్కు. నాలుగో హోల్‌లో ఏస్ పడింది అన్నాడు. ఎవరు చూశారు అన్నాడు ఆర్వో. ఇల్మో నోరు తెరిచేలోపే నేను అందుకుని, "ఉడుత చూసిందిలే, సంతకం పెట్టడానికి దానికి కలం ఇవ్వండి," అన్నాను. కిర్సి నవ్వి నవ్వి ఆవాల ముద్ద ఒళ్ళో పోసుకుంది. ఆర్వో ఆ రాత్రే బోర్డు మీద రాసేశాడు: కంటితో చూసినవాళ్ళు ఒక్కరైనా లేని ఏస్, ఏస్ కాదు. ఇల్మో ఏమీ అనలేదు. అతను మామూలుగానే ఏమీ అనడు. మర్నాటినుంచి గడ్డి కోయడం మొదలుపెట్టాడు.

ఇవాళ కూడా దూరంగా, వాగు అవతల పధ్నాలుగో హోల్ వైపు, అతని యంత్రం గుయ్‌మంటోంది. చెవులకు తొడుగులు పెట్టుకుని ఉంటాడు. నేను వచ్చిన సంగతి అతనికి తెలియదు.

మొదటి పది హోల్స్‌లో నా ఆట గురించి చెప్పకపోవడమే మంచిది. మనసు నిలవదు. విసరకముందే కళ్ళు బుట్ట దగ్గరికి వెళ్ళిపోతాయి. మూడో హోల్‌లో బిర్చి చెట్టుకు కొట్టాను, ఆరో దాంట్లో చెరువులో వేసి కొక్కెం కర్రతో లాక్కున్నాను. ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని తాగకుండానే పారబోశాను. ఏలకుల బన్ను సగం తిని సగం జేబులో కుక్కాను. దోమలు, తుంటి నొప్పి, చాప బిగువు, అన్నిటినీ తిట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

పదకొండో హోల్ దిగుడు. రెండు పైన్ చెట్ల మధ్య ద్వారమంత సందు. అది దాటాక డిస్కు ఎడమకు వంగాలి, పెద్ద బండరాయి వెనక బుట్ట. చాప మీదనుంచి చూస్తే బుట్ట పైనుండే పసుపు పట్టీ మాత్రం కనబడుతుంది. డెబ్బై నాలుగు మీటర్లు. సంచీ దించాను. నారింజ రంగు డిస్కు తీశాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేను ఏస్ గురించి ఆలోచించడం లేదు. ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని ఆలోచిస్తున్నాను. చెయ్యి దానంతటదే విసిరింది. డిస్కు సందులోంచి దూరి, ఒక్క ఆకు తగలకుండా, ఎడమకు ఒరిగి బండ వెనక్కి పోయింది.

ఘల్లుమన్నాయి గొలుసులు. ఒక్కసారే.

గొలుసులకు తగిలి బయట పడేవి చాలా చూశాను. కాబట్టి అరవలేదు. కుంటుకుంటూ దిగి బండ చుట్టూ తిరిగి చూస్తే, బుట్టలో నడిబొడ్డున నా నారింజ డిస్కు ఉంది. వెనకవైపు నా పేరు, ఫోను నంబరు పైకి కనిపిస్తున్నాయి. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. డిస్కు తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

ఎవరు చూశారు?

చుట్టూ చూశాను. చెట్లు. ఒక ఉడుత కూడా లేదు.

ఆర్వోకి ఫోను చేశాను. వెనక జనం గోల. పోటీ మధ్యలో భోజనాల వేళ కాబోలు.

"నాకు ఏస్ పడింది," అన్నాను.

"ఇంట్లోనా?"

"పదకొండులో. ఇదిగో డిస్కు ఇంకా బుట్టలోనే ఉంది, తీయలేదు. ఫొటో పంపిస్తా."

"పడుకోమని కదే నీకు చెప్పింది." తర్వాత అటువైపు తిరిగి, "హిల్లెవికి ఏస్ పడిందిట," అన్నాడు. స్పీకరు నొక్కినట్టున్నాడు, అందరి గొంతులూ ఒక్కసారిగా వచ్చాయి. కిర్సి గొంతు అన్నిటికంటే పైన.

"ఎవరు చూశారు హిల్లెవీ?"

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే."

కిర్సే అంది, నేను ఎప్పుడూ చెప్పే ఆ రెండు మాటలే, "ఇల్మో ఏస్" అని. అందరూ నవ్వారు. ఆర్వో కూడా నవ్వాడు, ఆ నవ్వు నాకు నలభై ఏళ్ళుగా తెలుసు.

"ఫొటోలో ఏముందే, చేత్తో పెట్టినా ఫొటో వస్తుంది," అన్నాడు. "రూలు రూలే. నీ కోసం మారుస్తామా?"

"నేను చేత్తో పెడతానా?"

"పెట్టవులే. కానీ రూలు అందరికీ ఒకటే కదా. ఇల్మోకి ఒక రూలు, నా పెళ్ళానికి ఒక రూలూ అయితే జనం ఏమంటారు?"

ఫోను పెట్టేశాను. ఒళ్ళు మండిపోయింది. డిస్కు మాత్రం తీయలేదు. ఎవరైనా వచ్చి బుట్టలో ఉన్నది చూస్తే సగం సాక్ష్యమైనా అవుతుందని ఒక పిచ్చి ఆశ. సంచీ పైన చాప మీద వదిలేశాను కదా, అక్కడినుంచే విసిరానని అదొక ఆధారం. ఎవరైనా సంచీ ఎత్తుకుపోతే? పైకెక్కాను. ఏ కాకో వచ్చి డిస్కు లాగేస్తే? కిందికి దిగాను. నాలుగుసార్లు ఎక్కి దిగాను, సోమవారం తీసేసే తుంటితో. దోమలు నా మెడమీద విందు చేసుకున్నాయి. ఒంటేలు వస్తోంది, పొదచాటుకు వెళ్ళడానికి కూడా భయం, ఆ రెండు నిమిషాల్లోనే ఎవరో వచ్చి పోతారేమోనని.

వచ్చింది ఒక్కరే. బ్లూబెర్రీలు ఏరుకునే ముసలమ్మ, నడుం వంచి, చేతిలో బకెట్టుతో. పరుగులాంటి నడకతో ఎదురెళ్ళాను.

"అవ్వా, ఇందాక ఇక్కడ ఒక నారింజ రంగు డిస్కు ఎగరడం చూశావా?"

"నా చూపంతా నేలమీదే తల్లీ," అంది. బుట్టకేసి కళ్ళు చికిలించి, "అది పిట్టలకు గింజలేసేదా?" అని అడిగింది.

ఆవిడ బకెట్టు ఎర్రది. పొదల మధ్య ఆ ఎరుపు కదులుతూ పోతుంటే చూస్తూ నిలబడ్డాను. నాకూ అలాంటిదే ఒకటుండేది. పొద్దుటినుంచి నన్ను కుదురుగా ఉండనివ్వనిది తుంటి ఒక్కటే కాదని అప్పుడు ఒప్పుకున్నాను. ఇల్మో యంత్రం చప్పుడు విన్నప్పుడల్లా కాఫీ చేదెక్కడం ఇవాళ కొత్తా?

ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది ఇప్పుడు చెబుతాను. ఆ సెప్టెంబరు సాయంత్రం నేను పాకలోకి అందరికంటే ఆఖరున వచ్చాను. దానికి ముందు నాలుగో హోల్ వెనక వాలులో లింగన్‌బెర్రీ పళ్ళు ఏరుతున్నాను. వంగి ఉన్నాను, చూడలేదు. కానీ విన్నాను. గొలుసులు ఘల్లుమనడం, ఆ వెంటనే ఇల్మో గొంతు చించుకుని ఒక్క అరుపు అరవడం. అతను అలా అరవడం నా జన్మలో అదొక్కసారే విన్నాను. బకెట్టు నిండింది, అడ్డదారిన పాకకు వచ్చి కూర్చున్నాను. అతను బుట్ట దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో ఏమో, నా తర్వాత వచ్చాడు. ఆర్వో ఎవరు చూశారని అడిగినప్పుడు నేను అనవలసింది, నేను విన్నాను అని. ఉడుత మాట నోటి చివర తయారుగా ఉంది, అదే ముందు బయటికొచ్చింది. జనం నవ్వారు. ఆ నవ్వు రుచిగా ఉంది. ఇంకో నిమిషం ఆగి చెబుదామనుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. తర్వాత అది సామెత అయిపోయింది.

అంతలో ఆకుల చప్పుడు. వాగు మీది వంతెన దాటి ఇల్మో వస్తున్నాడు. భుజాన యంత్రం, మెడలో చెవి తొడుగులు. నన్ను చూసి ఆగాడు.

"నువ్వా వదినా," అన్నాడు. "పడుకోవాలి కదా నువ్వు."

"అందరికీ నా పడకే కావాలి. నువ్వెందుకొచ్చావు ఇటు?"

యంత్రం దించి బండకు ఆనించాడు. బుట్టలోకి చూశాడు. నా డిస్కును చూశాడు, పైన చాప మీది సంచీని చూశాడు. చేతి తొడుగులు తీసి ప్యాంటుకు కొట్టి దులిపాడు.

"నేను చూడలేదు వదినా," అన్నాడు. "కానీ విన్నాను."

నేను బుట్ట అంచు పట్టుకున్నాను.

"పెట్రోలు అయిపోయి యంత్రం ఆగింది. తొడుగులు తీశానో లేదో గొలుసులు మోగాయి. ఒక్కసారే, శుభ్రంగా. కింద పడ్డ చప్పుడు లేదు. ఏస్ పడితే మనిషన్నవాడు అరుస్తాడు కదా. అరుపు లేదు. ఎవరో ఒంటరిగా ఉన్నారనుకున్నాను. షెడ్డుదాకా వెళ్ళి పెట్రోలు పోసుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. అన్నయ్యకు నేను చెబుతాలే, విన్నానని. రూలుకు సరిపోదు. అయినా చెబుతాను."

ఇంత పొడుగు మాట అతని నోట విని ఎన్నేళ్ళయిందో. అతను చెప్పింది నేను పదకొండేళ్ళు దాచిన మాటే. అడగకముందే, మీసం మీది చెమట తుడుచుకున్నంత తేలిగ్గా ఇచ్చేశాడు. బండమీద కూలబడ్డాను.

"ఇల్మో, ఆ రోజు నేనూ విన్నాను," అన్నాను. "నాలుగో హోల్‌లో. గొలుసులు, నీ అరుపు. అన్నీ విన్నాను."

అతను గడ్డి కోసే యంత్రం పట్టీ సరిచేసుకుంటూ ఉన్నాడు. తల ఎత్తలేదు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీ ఎర్ర బకెట్టు కనబడింది. పొదల్లో, బుట్టకు ఇరవై అడుగుల్లో. వదిన ఉంది కదా అనుకునే పాకకు పరిగెత్తుకొచ్చాను. లేకపోతే ఎవరికి చెప్పేవాణ్ణి? జేబులో పెట్టుకుని ఇంటికి పోయేవాణ్ణి."

"మరి అప్పుడే అనలేదేం? వదిన అక్కడే ఉంది, అడగండి అని."

"నువ్వు అంటావని చూశాను," అన్నాడు ఇల్మో. "నువ్వు వేరే మాట అన్నావు."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఎదురు అరిచేదాన్ని, అదైతే నాకు వచ్చు. ఏడుపొచ్చింది. ముక్కు చీది, జేబులో నలిగిన సగం బన్ను తీసి అతనికిచ్చాను. తీసుకుని తిన్నాడు.

ఫోను తీసి మళ్ళీ ఆర్వోకి చేశాను.

"స్పీకరు పెట్టు," అన్నాను.

"హిల్లెవీ, రూలు గురించి మళ్ళీ..."

"నా దాని గురించి కాదు. నాలుగో హోల్, పదకొండేళ్ళ కిందట, ఇల్మో ఏస్. నేను సాక్షిని. బెర్రీలు ఏరుతూ ఇరవై అడుగుల్లో ఉన్నాను. కంటితో చూడలేదు, చెవులతో విన్నాను. ఆ రోజు ఇంకా నీ రూలు పుట్టలేదు. కాబట్టి అది ఏస్. గోడ మీద స్థలం చూసి ఉంచండి."

అటు ఎవరూ నవ్వలేదు. ఎవరో గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"విన్నదానివి పదకొండేళ్ళు ఏం చేశావే?" అన్నాడు ఆర్వో, మెల్లగా.

"నవ్వాను," అన్నాను. "మీతో కలిసి."

ఆర్వో, "తమ్ముడున్నాడా అక్కడ?" అని అడిగాడు. ఫోను ఇల్మో వైపు చాపాను. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు, మాట్లాడనన్నట్టు. తర్వాత మనసు మార్చుకుని ముందుకు వంగి, "డిస్కు షెడ్డులో ఉందన్నయ్యా. పెట్రోలు డబ్బా కింద. కొంచెం నూనె మరకలున్నాయి," అని చెప్పాడు. అటునుంచి ఆర్వో ఏమన్నాడో స్పష్టంగా వినబడలేదు. కిర్సి ఏడుస్తున్నట్టుంది, లేదా ముక్కు చీదుతోంది.

ఫోను పెట్టేశాక నేను బుట్ట దగ్గరికి వెళ్ళి నా నారింజ డిస్కు తీసేశాను. గొలుసులు చిన్నగా మోగాయి. నాది గోడెక్కదు. ఆ సంగతి నాకు ఎంత బాధగా ఉండాలో అంత బాధగానే ఉంది, అబద్ధం ఎందుకు. ఆ డిస్కును ఇల్మో చేతిలో పెట్టాను.

"ఇదేమిటి?"

"పైకి పద. చాప మీదనుంచి ఒకటి విసురు."

"నాకు భుజం..."

"నీ భుజం సంగతి నాకు తెలుసులే. పద."

ఇద్దరం పైకెక్కాం. నేను ఒక్కో అడుగు వేసి ఆగుతుంటే అతను ముందు వెళ్ళకుండా పక్కనే ఆగాడు. చాప మీద నిలబడి డిస్కును రెండు చేతుల్లో తిప్పితిప్పి చూశాడు. అంచు మీద బొటనవేలు రాసుకున్నాడు. నేను బల్లమీద కూర్చున్నాను, సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఎక్కడికీ పోవాలనిపించలేదు.

పదకొండేళ్ళ తర్వాత ఇల్మో చెయ్యి వెనక్కి లాగి విసిరాడు. డిస్కు నేరుగా వెళ్ళి ఎడమవైపు మొదటి పైన్ చెట్టును ఫెడీమని కొట్టి, నాలుగు గజాల దూరంలో బ్లూబెర్రీ పొదలో పడింది.

ఇల్మో నావైపు తిరిగాడు.

"నేను చూశాను," అన్నాను.